మామొలిసా మెడలో బిళ్ళ

పోయినవారం మనం ఆగేటప్పటికి కెనెవే తన చిన్న వైద్యం గదిలో, జ్వరంతో పడుకున్న కుట్టుపని పిల్ల పులెంగ్ మంచం పక్కన నిలబడి ఉంది.

మసేరు ఊరి చివర జీన్స్ ప్యాంట్లు కుట్టే ఆ ఫ్యాక్టరీలో కెనెవే నర్సుగా చేరి అప్పటికి చలికాలం సగం గడిచింది. అంతకుముందు ఆమె కొండల్లో గుర్రమెక్కి ఊరూరా తిరిగి వైద్యం చేసిన మనిషి. "పనివాళ్ళ ఆరోగ్యం చూసుకోవాలమ్మా, నీకేం కావాలో చెప్పు" అని మేనేజర్ మొఖెలే స్వయంగా పిలిచి ఉద్యోగం ఇచ్చాడు. ఆమె అడిగినవన్నీ వచ్చాయి. ప్రతి మిషన్ల లైను చివరా మంచినీళ్ళ క్యాను వచ్చింది. పొద్దున్నే మిషన్ల ముందు కూర్చోబోయే ముందు చేతులూ నడుమూ సాగదీసే కసరత్తు వచ్చింది. 'నీళ్ళు బాగా తాగండి' అని గోడల నిండా బొమ్మలు వెలిశాయి. ఆడవాళ్ళు నవ్వుకుంటూ కసరత్తు చేశారు, బొమ్మలు చూసి బాగున్నాయన్నారు. నీళ్ళు మాత్రం ఎవ్వరూ తాగలేదు. పొద్దున నింపిన క్యాన్లు సాయంత్రానికి నిండుగా అలాగే ఉండేవి. ఊడ్చేవాళ్ళు ఆ నీళ్ళు పెరట్లో పారబోసేవారు.

పులెంగ్‌కి ఈ చలికాలంలో మళ్ళీ మళ్ళీ అదే జ్వరం, మూత్రంలో అదే మంట. "చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నా, నీళ్ళెందుకు తాగవే తల్లీ?" అని కెనెవే విసుక్కుంటే ఆ పిల్ల గోడవైపు తిరిగి, "తాగితే ఎక్కడికి పోవాలి నర్సమ్మా? బిళ్ళ మామొలిసమ్మ మెడలో ఉంటుంది కదా" అంది.

కెనెవే ఆ బిళ్ళను రోజూ చూస్తూనే ఉంది. తాడుకి కట్టిన అరచేయంత చెక్కముక్క, సూపర్‌వైజర్ల మెడల్లో వేళ్ళాడుతూ ఉంటుంది. ఏదో కొలత చెక్క అనుకుంది. లైనుకి ఒకటే బిళ్ళ అనీ, బాత్రూంకి పోవాలంటే దాన్ని అడిగి తీసుకోవాలనీ, అది తిరిగొచ్చేదాకా ఆ లైన్లో ఇంకెవరూ కుర్చీలోంచి లేవకూడదనీ పులెంగ్ చెబితేగానీ తెలియలేదు. గోడల మీద తను అంటించిన బొమ్మలు గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళు నవ్వింది ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం అన్నం వేళకి ఆమె నేరుగా పెరట్లోకి వెళ్ళింది. పులెంగ్ కూడా మంచం దిగి, కంబళి చుట్టుకుని వెనకే వచ్చింది. ఎండ పడేచోట గోడ వెంబడి ఆడవాళ్ళంతా కంబళ్ళు చుట్టుకుని కూర్చుని సంకటీ ఆకుకూరా తింటున్నారు. పులెంగ్ లైను సూపర్‌వైజర్ మామొలిసా ఒక చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది. ఆ ఫ్యాక్టరీలో ఆవిడ లైనుకి మించిన లైను లేదు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. ఆవిడ దగ్గితే మిషన్లు వేగం అందుకుంటాయని లైన్లో పిల్లలు చాటున అనుకుంటారు.

"మ్మే మామొలిసా, ఒక మాట అడగొచ్చా?" అంది కెనెవే. మ్మే అంటే అక్కడి మాటలో అమ్మా అని; మగవాళ్ళనైతే న్తాతే, అంటే అయ్యా అంటారు.

"అడగడానికే వచ్చి, మళ్ళీ అడగొచ్చా అని అడగడమేంటి నర్సు పిల్లా? కూర్చో. తిన్నావా?"

"తిన్నానండీ. ఆ బిళ్ళ గురించి..."

"ఏ బిళ్ళ?"

"మీ మెడలోది."

చుట్టుపక్కల మాటలు తగ్గాయి. మామొలిసా సంకటి ముద్ద నోట్లో పెట్టుకుని, తీరిగ్గా నమిలి మింగింది.

"దాంతో నీకేం పని? నీ గది నీకుంది. ఆ గదిలో నీకంటూ ఓ బాత్రూం కూడా ఉంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. కెనెవే ముఖం ఎర్రబడినా వెనక్కి తగ్గలేదు.

"అది తీసేయాలండీ. అదుండగా వీళ్ళు నీళ్ళు తాగరు. నీళ్ళు తాగకపోతే జ్వరాలు పోవు. ఈ నొప్పులకీ తలపోట్లకీ నేను మాత్రలు ఇస్తూ కూర్చోవాల్సిందే."

"తీసేస్తే తాగుతారు, నిజమే. తాగి అందరూ ఒక్కసారే లేస్తారు. జిప్పు కుట్టేది లేచి వెళ్తే నడుంపట్టీ కుట్టేది చేతులు ముడుచుకుని ఆవులిస్తుంది. శుక్రవారం లారీకి ప్యాంట్లు అందవు. వచ్చే ఆర్డరు పక్క ఫ్యాక్టరీకి పోతుంది. అప్పుడు వీళ్ళంతా ఇళ్ళల్లో కూచుని కడుపునిండా నీళ్ళు తాగుతారు. వేరే ఏమీ ఉండదుగా, అవే తాగుతారు. మంచి ఆరోగ్యంగా ఉంటారులే."

ఈసారి నవ్వు పెద్దగా లేచింది. కెనెవేకి ఒళ్ళు మండింది. ఆ మంటలో మాట జారింది.

"ఆ బిళ్ళ తయారుచేసినవాళ్ళెవరో గానీ, వాళ్ళు ఆడపుట్టుక పుట్టి ఉండరు!"

నవ్వు టక్కున ఆగిపోయింది. పక్కనే ఉన్న పులెంగ్ కళ్ళు గట్టిగా మూసుకుంది. మామొలిసా పళ్ళెం కిందపెట్టి, కెనెవేని పైనుంచి కిందిదాకా చూసింది.

"నేనే చేశాను" అంది.

లేచి నిలబడబోయింది. సగం లేచిందో లేదో, చెయ్యి కుడి డొక్క మీదికి పోయింది. పళ్ళు బిగబట్టింది. అంత చలిలో ఆవిడ నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పుట్టడం కెనెవే చూసింది. కోపమంతా ఎటు పోయిందో పోయింది, నర్సు మిగిలింది. పులెంగూ తనూ చెరోపక్కా పట్టుకుని ఆ భారీ మనిషిని నెమ్మదిగా గదిలోకి నడిపించారు.

మంచం మీద పడుకోమంటే మామొలిసా పడుకోలేదు, కూర్చుంది. గ్లాసుతో నీళ్ళిస్తే పక్కన పెట్టేసింది. నొప్పి సూదికి మాత్రం చెయ్యి చాచింది. నొప్పి కొంచెం నెమ్మదించాక, కెనెవే అడక్కుండానే మాట మొదలుపెట్టింది.

"నువ్వు కొండల్లో గుర్రం మీద తిరిగే రోజుల్లో ఇక్కడ బాత్రూంకి తాళం ఉండేది తెలుసా?"

"తాళమా?"

"ఇత్తడి తాళం. తాళంచెవి అప్పటి మేనేజర్ జేబులో. ఈ మొఖెలే కాదు, ఆయనకి ముందటాయన. పొద్దున ఓసారి తీసేవాడు, అన్నం వేళ ఓసారి. అంతే. మధ్యలో చచ్చినా తియ్యడు. నా పక్క మిషను మీద ఓ పిల్ల ఉండేది. కడుపుతో ఉంది. ఆపుకోలేక కుర్చీలోనే... ఇంక చెప్పను. ఆ పిల్ల కంబళి నడుముకి చుట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఎంత బాగా కుట్టేదో."

మామొలిసా బిళ్ళ తాడు వేలికి చుట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టింది.

"నేను ఆఫీసులోకి పోయి గచ్చు మీద కూచున్నా. తాళం తీస్తేనే లేస్తానన్నా. తీస్తే అందరూ పోయి అక్కడే కబుర్లు పెట్టుకుంటారు అన్నాడు. ఒక్కొక్కళ్ళే పోతారు, నాదే పూచీ అన్నా. విరిగిన కుర్చీ చెక్క ఒకటి అక్కడే పడుంటే దానికి తాడు కట్టి నా మెడలో వేసుకున్నా. ఇది బయటుంటే ఒకత్తి బయటున్నట్టు, నా మెడలో ఉంటే అందరూ మిషన్ల మీదున్నట్టు, లెక్క సరిపోయిందా అన్నా. ఆ సాయంత్రం తాళం పీకించాడు. లైనంతా నన్ను పట్టుకుని ఏడ్చారే! సంతోషంతో! మిగతా లైన్లవాళ్ళు వచ్చి మాకూ ఓ బిళ్ళ చేసిపెట్టమన్నారు. నువ్వేమో నేను ఆడపుట్టుకే పుట్టలేదన్నావు."

కెనెవే తల వంచుకుంది. "నాకు తెలీదు మ్మే. తెలిసుంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు. క్షమించండి."

"సర్లే. నువ్వన్నది పులెంగ్ కోసం, నాకు తెలీదా ఏంటి."

గ్లాసు ఇంకా అలాగే ఉంది. కెనెవే దాన్నే చూస్తూ అడిగింది.

"మీ లైన్లో వాళ్ళకి కనీసం బిళ్ళ ఉంది. మరి మీరెప్పుడు వెళ్తారు?"

మామొలిసా ఆ ప్రశ్న ఎప్పుడూ విననట్టు చూసింది.

"నేనా? నేనెలా పోతాను? బిళ్ళ ఇచ్చేదాన్ని నేనేగా. నేను లేస్తే లైను ఎవరు చూస్తారు? పొద్దున ఇంటిదగ్గర ఓ గుక్క నీళ్ళు తాగుతా. మళ్ళీ ఇంటికి పోయాకే."

"ఇన్నేళ్ళూ ఇంతేనా?"

"అలవాటైపోయింది."

కెనెవే ఆవిడ పక్కన మంచం మీద కూర్చుంది. మెల్లిగా, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే చెప్పింది. "ఆ డొక్కలోది రాయి అనుకుంటున్నానండీ. నీళ్ళు లేక లోపల గడ్డకట్టిన రాయి. ఇవాళే పెద్దాసుపత్రికి పోవాలి. తాళం మీద మీరు గెలిచారు మ్మే. ఆ రోజుకి అది పెద్ద గెలుపు. కానీ ఇప్పుడు ఆ తాళం మీ ఒక్కరికే పడి ఉంది."

బయట గంట మోగింది. మిషన్ల మోత మొదలైంది. మామొలిసా చెవి అటే ఉంది. తన లైను శబ్దం ఏదో ఆవిడకి గోడ ఇవతల్నించే తెలుస్తుంది.

అంతలో తలుపు తోసుకుని మేనేజర్ మొఖెలే వచ్చాడు. సన్నగా, మెడకి ఊలు గుడ్డ చుట్టుకుని, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు కనిపించే మనిషి. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆర్డర్లు ఇచ్చేవాళ్ళు సముద్రం అవతల ఉంటారు. వాళ్ళ భయం ఆయనకి ఇక్కడ నిద్ర పట్టనివ్వదు.

"మ్మే, ఒంట్లో ఎలా ఉంది? పడిపోయారన్నారు. వ్యాను సిద్ధంగా ఉంది, ఆసుపత్రికి పొండి. కానీ మ్మే, లైను... శుక్రవారం లారీ..."

"నా ప్రాణం ముందు అడిగారు, లారీ తర్వాత అడిగారు. పర్లేదు, మంచి మేనేజరే" అంది మామొలిసా. పులెంగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వేళాకోళం కాదు మ్మే. మీ లైను మీరు లేకుండా ఎప్పుడు నడిచింది?"

మామొలిసా గ్లాసుకేసి చెయ్యి చాచింది. చేతిలోకి తీసుకుని, ఆగకుండా అడుగుదాకా తాగేసింది. తర్వాత రెండు చేతులతో తాడు తల మీదుగా తీసింది. బిళ్ళ మొఖెలే చేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరుంచండి న్తాతే. ఈ వారం నా లైను ఇది లేకుండా నడుస్తుంది. ఎవరికి అవసరమైతే వాళ్ళు లేచి పోతారు. ఎవర్నీ అడగరు. శుక్రవారం లారీ నిండకపోతే ఈ బిళ్ళ ఇంకెవరి మెడలోనైనా వెయ్యండి. నన్ను సూపర్‌వైజర్ పని నుంచి తీసి మిషను మీద కూచోబెట్టండి."

"నర్సమ్మా," మొఖెలే కెనెవే వైపు తిరిగాడు, "ఈవిడకి ఏం మందిచ్చావు?"

"నీళ్ళండీ" అంది కెనెవే.

మామొలిసా ఆసుపత్రికి వెళ్తూ వెళ్తూ పులెంగ్‌తో ఒకే మాట చెప్పింది. "పక్క మిషనుదానితో చెప్పి లేవండి. నా పరువు తియ్యకండి."

మొదటిరోజు పరువు పోయినంత పనైంది. ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా లేచారు. అవసరం ఉన్నవాళ్ళు కొందరు, ఊరికే లేచినవాళ్ళు కొందరు. ఒకావిడ బాత్రూం దాకా వెళ్ళి, అద్దంలో తలగుడ్డ సర్దుకుని తిరిగొచ్చింది. "ఎందుకు పోయావే?" అంటే "పోవచ్చు కదా అని పోయాను" అంది. లైన్లో ప్యాంట్లు ఒకచోట గుట్టపడ్డాయి, ఇంకోచోట మిషన్లు ఖాళీగా తిరిగాయి. మొఖెలే అద్దాల గదిలోంచి చూస్తూ, జేబులో బిళ్ళను తడుముకుంటూ అటూ ఇటూ నడిచాడు. సాయంత్రం కెనెవే ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. అది చూసి ఆమెకు భయమేసింది.

మర్నాడు అన్నం వేళ లైనువాళ్ళంతా ఒకచోట చేరారు. కెనెవేని పిలవలేదు. దూరంనుంచి ఆమెకు పులెంగ్ గొంతు మాత్రం వినబడింది. "మామొలిసమ్మ మంచం మీదుంటే మనం అద్దం చూసుకుంటున్నామా? సిగ్గులేదూ?" ఏం మాట్లాడుకున్నారో గాని, ఆ మధ్యాహ్నం నుంచి వరస మారింది. పక్కపక్క కూర్చునేవాళ్ళు ఒకరి పని ఒకరికి నేర్పుకున్నారు. ఒకత్తి లేస్తే పక్కది రెండు చేతులతో నాలుగు చేతుల పని చేస్తుంది. తిరిగొచ్చాక అది లేస్తుంది.

పనిచేస్తూ పాడుకోవడం వాళ్ళకి ఎప్పుడూ ఉన్న అలవాటే. గదిలో కూర్చున్న కెనెవేకి ఆ పాటలోనే అంతా తెలిసేది. ఒక గొంతు ఆగేది. వెంటనే పక్క గొంతు ఆ వరుస అందుకునేది. కాసేపటికి మొదటి గొంతు మళ్ళీ వచ్చి కలిసేది. పాట ఎక్కడా తెగేది కాదు. మధ్యాహ్నానికల్లా క్యాను ఖాళీ అయ్యేది. మళ్ళీ నింపమని ఊడ్చేవాళ్ళు వచ్చి సణుగుతుంటే, ఆ సణుగుడు కెనెవేకి ఎంత తీయగా ఉండేదో!

శుక్రవారం లారీ వచ్చింది. వంకర కుట్లు పడి వెనక్కి వచ్చే ప్యాంట్ల గుట్ట ప్రతివారం మోకాలెత్తు ఉండేది. ఈసారి చెప్పుకోదగ్గ గుట్టే లేదు. మొఖెలే ఆ చోటు చుట్టూ ఒకసారి తిరిగి, "మిగతావి ఎక్కడ దాచారు?" అని అడిగాడు.

"ఎక్కడా దాచలేదు న్తాతే" అంది పులెంగ్. "కాళ్ళు కదుపుకుంటూ, పళ్ళు బిగబట్టుకుని కుడితే కుట్టు వంకర పోదా మరి?"

ఇంకా ఎండ ఉండగానే లారీ నిండింది, తలుపులు మూశారు. లారీ గేటు దాటుతుంటే ఆడవాళ్ళు నాలుక ఆడించి సంబరంగా కేకలు వేశారు. మొఖెలే నవ్వు ఆపుకుందామని చూసి, ఆపుకోలేక నవ్వేశాడు. జేబులోంచి బిళ్ళ తీసి కెనెవేకి చూపించాడు.

"సోమవారం నుంచి ఏ లైనుకీ బిళ్ళ ఉండదు. మరి దీన్నేం చెయ్యమంటావు? పొయ్యిలో పడెయ్యనా?"

"అమ్మో, వద్దండీ. అది మామొలిసమ్మది. ఆవిడకే ఇవ్వండి. ఒకప్పుడు దాంతోనే ఆవిడ ఇక్కడొక తాళం పీకించింది."

మరుసటి వారం మామొలిసా తిరిగొచ్చింది. కొంచెం చిక్కింది, గొంతు మాత్రం చిక్కలేదు. మొఖెలే బిళ్ళ చేతికిస్తే, మెడలో వేసుకోకుండా కంబళి మడతలో దాచుకుంది. ఇంటి గోడకి, తన పెళ్ళి ఫోటో పక్కన పెట్టుకుంటానంది. తర్వాత అగ్గిపెట్టె ఒకటి తీసి లైనంతా తిప్పి చూపించింది. అందులో గోధుమగింజంత రాయి ఉంది.

"చూడండే, నా అయిదో కాన్పు! ముందు నలుగురూ కలిసి పెట్టిన బాధ వీడొక్కడే పెట్టాడు. మొండివెధవ, వాళ్ళ నాన్న పోలిక!"

ఆడవాళ్ళు మిషన్ల మీద పడి నవ్వారు. చలిలో ఆ షెడ్డు ఎప్పుడూ అంత వెచ్చగా అనిపించలేదు కెనెవేకి. కొండలు దిగి వచ్చినందుకు మొదటిసారి ఆమెకు మనసు నిండింది.

పనివాళ్ళ ఆరోగ్యం చూసుకోవడానికి లైనుకి ఒకరు చొప్పున సంఘం వెయ్యాలని మొఖెలే అన్నప్పుడు, ఆ సంఘానికి పెద్దగా ఎవరుండాలని ఎవరూ అడగలేదు. అందరూ మామొలిసా వైపు చూశారు.

"ఉంటాను" అందావిడ. "నర్సు పిల్ల నా పక్కనుంటేనే."

ఆ సాయంత్రం పని అయ్యాక ఆవిడ కెనెవే గది తలుపు తట్టింది. చేతిలో నీళ్ళ సీసా ఉంది.

"నీళ్ళ సంగతి అయింది. ఇక గాలి సంగతి చూద్దాం, పద."

"గాలా?"

"పెరడు అవతల రేకుల షెడ్డు చూశావా?"

చూసింది. చేరిన కొత్తలోనే అడిగింది కూడా. అది కాంట్రాక్టరుదనీ, మన కిందికి రాదనీ మొఖెలే చెప్పాడు. అక్కడి మగవాళ్ళకి వేరే గేటు, వేరే వేళలు. వాళ్ళెవరూ ఆమె గదికి ఎప్పుడూ రాలేదు.

"మనం ఇక్కడ కొత్త ప్యాంటు కుడతాం. వాళ్ళు అక్కడ దాన్ని గీకి గీకి పాత ప్యాంటు చేస్తారు. లోకంలో చిరుగుల ప్యాంటుకే గిరాకీ ఎక్కువట, ఏం చేస్తాం" అంటూ మామొలిసా ముందు నడిచింది. "ఆ దగ్గు వింటే నీకు తెలుస్తుంది. ఇన్నాళ్ళూ నా లైను తప్ప నాకేదీ వినబడలేదు. ఆసుపత్రిలో నా పక్క వార్డంతా అదే దగ్గు."

షెడ్డు తలుపు తీయగానే నీలంగా దుమ్ము పైకి లేచింది. లోపల దీపాలు కూడా నీలంగానే కనిపించాయి. వరసగా బల్లలు, బల్లల మీద ప్యాంట్లు, వాటిని రాపిడి కాగితంతో రుద్దుతున్న మగవాళ్ళు. ముక్కులకి పాత గుడ్డలు కట్టుకున్నారు. కనురెప్పలు నీలం, వేళ్ళ సందులు నీలం. ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు ఆగి, ఇంకో మూలనుంచి మొదలవుతోంది.

వాళ్ళను చూసి చివరి బల్ల దగ్గరున్న మనిషి చప్పున వీపు తిప్పాడు. గబగబా వెనక తలుపు వైపు నడవబోయాడు గానీ, దగ్గు ముంచుకొచ్చి గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. కెనెవే పరుగున వెళ్ళి అతని వీపు మీద చెయ్యి వేసింది.

"కూర్చోండి. ముందు ఆ గుడ్డ తీయండి, గాలి పీల్చుకోండి."

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమే గుడ్డ కిందికి లాగింది.

అతను మొహాపి. ఆమె సొంత అన్న. నది దాటి పరాయిదేశం గనుల్లో పనిచేస్తున్నాడని కొండ మీద వాళ్ళమ్మ ప్రతి ఆదివారం చర్చిలో గర్వంగా చెప్పుకునే కొడుకు.

"అన్నయ్యా... నువ్వు గనుల్లో కదా ఉండాలి?"

మొహాపి నీలం పట్టిన పెదాలు తుడుచుకుని, నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఆ గని ఎప్పుడో మూసేశారు చెల్లీ. నువ్విక్కడ చేరిన రోజే నిన్ను చూశాను. అప్పట్నుంచీ వెనక గేటు నుంచే వస్తున్నా." మళ్ళీ దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఆమె చెయ్యి వదల్లేదు అతను. "రేపు అమ్మ కొండ దిగి మసేరు వస్తోంది. గని నుంచి సెలవుకి వచ్చానని నమ్మి, నన్ను చూడ్డానికే."